14వ నంబరు మేడ ఎప్పటిది? కాగితాలు ఒకటి చెబుతున్నాయి, గోడలు మరొకటి

ఉమ్మడిగోడ
అందరికీ నమస్కారం. ఊరి నడిబొడ్డున, రెండు పక్కలా పొరుగిళ్లకు ఆనుకొని ఉన్న మూడంతస్తుల సన్నని మేడ ఒకటి కొని రెండేళ్లయింది. వీధి వైపు వెడల్పు అయిదు మీటర్లే, లోపలికి మాత్రం బాగా పొడవు. ఇటుక గోడలు, చెక్క నేలలు, పైన ఒక అటకగది. అమ్మినవారు "రెండు వందల ముప్పై ఏళ్ల ఇల్లు" అన్నారు. ఆధారం ఏమిటని అడిగితే, తమకు అమ్మినవారు అలా చెప్పారన్నారు.

పోయిన వారం గ్రంథాలయంలో నూట అరవై ఏళ్ల కిందటి వీధి డైరెక్టరీ, అంటే ఏ ఇంట్లో ఎవరున్నారో రాసిన పుస్తకం, ఒకటి చూశాను. మా వీధి పేరు కింద, మా ఇంటి నంబరైన 14 పక్కన, పుస్తకాలు బైండు చేసే ఒకాయన పేరు ఉంది. ఆ కాలపు జనగణన పత్రంలోనూ అదే పేరు, భార్య, నలుగురు పిల్లలు, ఒక పనివాడు. ఇంటికి రాగానే అటకగదిలోకి వెళ్లాను. నేల చెక్కల మీద నాలుగు చదరపు నొక్కులు ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేతిలో సగం ఉంటుంది. రెండేళ్లుగా వాటి మీదుగా నడుస్తూనే ఉన్నాను, ఎన్నడూ పట్టించుకోలేదు. బైండింగు ప్రెస్సు కాళ్లు ఆనింది అక్కడేనేమో అనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ ఇల్లు నిజంగా ఎప్పుడు కట్టారో, అందులో ఎవరెవరు బతికారో తెలుసుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

లింకుదస్తావేజు
మీ చేతిలో ఉన్న దస్తావేజు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. పాత కాలం నుంచి ముందుకు రావాలని చూసేవాళ్లు దాదాపుగా దారి తప్పుతారు. మీకు అమ్మినవారు ఎవరి దగ్గర కొన్నారు, వారికి ఎవరు అమ్మారు, ఇలా ఒక్కో లింకు పట్టుకొని వెళ్లాలి. ఎక్కడైనా గొలుసు తెగితే అక్కడ వీలునామా, పంపకం, కోర్టు వేలం వంటిది ఏదో ఉండి ఉంటుంది. అది వేరే కట్టలో దొరుకుతుంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. దస్తావేజు చెప్పేది స్థలం గురించి. "సదరు స్థలమూ, అందులోని కట్టడములూ" అన్న వాక్యం వందేళ్ల పాటు ఒక దస్తావేజు నుంచి మరో దస్తావేజులోకి నకలు అవుతూ వస్తుంది. ఆ మధ్యలో పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టినా ఆ వాక్యం మారదు. అందుకే నేను కొనుగోలు పత్రాల కన్నా తాకట్టు పత్రాలను ఎక్కువ శ్రద్ధగా చదువుతాను. ఇల్లు కట్టేవాడికి డబ్బు కావాలి. స్థలం కొన్న ఏడాదికే దాని విలువకు మించిన అప్పు తీసుకున్నాడంటే అక్కడ గోడలు లేస్తున్నాయని అర్థం.

హద్దులు కూడా చదవండి. మీ ఇంటి పత్రంలో లేని సంగతి పక్కింటి పత్రంలో ఉంటుంది. "ఉత్తరాన కొత్తగా కట్టిన ఇల్లు" అని పక్కవాడి దస్తావేజులో రాసి ఉంటే ఆ కొత్త ఇల్లు మీదే.

పాత కట్టలు కనబడితే మాత్రం పారేయకండి. ఇంగ్లండులో 1925 చట్టంతో హక్కు రుజువుకు 30 ఏళ్ల పత్రాలు చాలన్నారు, 1969లో దాన్ని 15కు దించారు. అక్కర తీరిందని లాయర్ల బీరువాల్లోంచి మూటలకు మూటలు చెత్తలోకి పోయాయి. స్కాట్లండులో ఆ బాధ తక్కువ. అక్కడ భూముల లావాదేవీల రిజిస్టరు 1617 నుంచీ ఉంది.

పాతసున్నం
లింకుదస్తావేజు గారు చెప్పింది సరైనదే. కానీ నేనైతే ముందు ఇంటినే చదవమంటాను. కాగితం పోతుంది, తప్పు రాస్తుంది. గోడ కూడా మోసం చేయగలదు కానీ చెరిపేసిన చోట మచ్చ మిగులుతుంది.

వీధి ముఖాన్ని నమ్మకండి. పాత ఇంటికి కొత్త ముఖం తొడగడం అన్ని కాలాల్లోనూ ఉంది. ఇంగ్లండు దక్షిణాన చెక్క ఇళ్లకు ఇటుకలా కనిపించే పెంకులు బిగించి ఇటుక గోడ అనిపించారు. పక్కన నిలబడి చూస్తే తప్ప పోల్చుకోలేరు. అందుకని అటక, నేలమాళిగ, మెట్ల కింది అర, అల్మారా లోపలి గోడ, వీటిని చూడండి. ఎవరికీ చూపించనక్కరలేని చోట్ల ఎవరూ మార్పులు చేయరు.

మేకు ఒకటి పీకి చూడండి. నాలుగు వైపులా సన్నబడుతూ, తల మీద సుత్తి దెబ్బలు కనబడితే కొలిమిలో చేతితో కొట్టింది. రెండు వైపులే సన్నబడి, మిగిలిన రెండు వైపులూ సమాంతరంగా ఉంటే ఇనుప రేకు నుంచి యంత్రం కత్తిరించింది. అవి 1790ల తరువాత వాడుకలోకి వచ్చాయి. గుండ్రటి తీగ మేకులు పందొమ్మిదో శతాబ్దం చివరికి గానీ ఇళ్లలో విరివిగా కనబడవు. అయితే మేకు చెప్పేది ఆ చెక్కను ఎప్పుడు బిగించారన్న సంగతి ఒక్కటే. పాత మేకులు తిన్నగా చేసి మళ్లీ వాడిన ఇళ్లు ఎన్నో చూశాను.

తరువాత రంపపు గాట్లు. దూలం పక్క మీద టార్చిలైటును అడ్డంగా ఆనించి వెలుగు వేయండి. గాట్లు తిన్నగా, ఎగుడుదిగుడు ఎడంతో ఉంటే గుంత మీద పడుకోబెట్టి ఇద్దరు మనుషులు కోసిన కలప. విల్లులా వంపు తిరిగితే గుండ్రటి రంపం, అంటే యంత్రపు మిల్లు.

గోడ అతుకుల్లో సున్నమా సిమెంటా అన్నదీ చూడండి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు జోసెఫ్ ఆస్ప్డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. మామూలు ఇళ్లకు అది చేరడానికి చాలా కాలం పట్టింది. గోరుతో గీరితే రాలేది సున్నం. దాని మీద ఎవరైనా సిమెంటు పూస్తుంటే ముందు ఆ పని ఆపించండి. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది, సిమెంటు దాని ముక్కు మూస్తుంది. లోపలి తడి బయటికి పోలేక ఇటుకే పొరలు పొరలుగా రాలిపోతుంది.

పాత రంగు గీకే ముందు సీసం పరీక్ష చేయించండి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978 దాకా నిషేధించలేదు. పిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము లేవకూడదు.

కిటికీ
మా కిటికీ అద్దాలు కింద మందంగా, పైన పలచగా ఉన్నాయి. అద్దం నెమ్మదిగా కిందికి జారుతుందని, అందుకే అవి వందల ఏళ్ల నాటివని మా మేస్త్రీ అన్నారు. అలా లెక్క కట్టవచ్చా?

పాతసున్నం
కిటికీ గారూ, అద్దం జారదు. ఆ రోజుల్లో గాజును ఊది, గుండ్రంగా తిప్పి పళ్లెంలా చేసేవారు, లేదా గొట్టంలా ఊది నిలువునా కోసి పరిచేవారు. ఎలా చేసినా మందం సమంగా రాదు. బిగించేవాడు మందపు అంచును ఎటు పెట్టినా పెట్టవచ్చు. మందం పై వైపున్న పాత అద్దాలూ ఉన్నాయి. వంకరగా చూసినప్పుడు ఎదుటి ఇల్లు నీటిలో నీడలా కదిలితే అది పాత పద్ధతి గాజు. ఏమాత్రం కదలకపోతే బహుశా కరిగిన తగరం మీద తేల్చి తీసిన గాజు. ఆ పద్ధతిని పిల్కింగ్టన్ కంపెనీ లోకానికి చూపింది 1959లో.

కిటికీ
చాలా థాంక్స్. మరొకటి. మా మేడ మీద ఒక కిటికీని ఇటుకలతో పూడ్చేశారు. కిటికీ పన్ను తప్పించుకోవడానికేనా?

పాతసున్నం
ఇంగ్లండులో కిటికీల సంఖ్యను బట్టి వేసే ఆ పన్ను 1696 నుంచి 1851 దాకా ఉంది. మీ ఇల్లు అక్కడిదే అయినా తొందరపడకండి. వరుస అందంగా కనబడాలని కట్టినప్పుడే ఉత్తుత్తి కిటికీ పెట్టేవారు. లోపలి వైపు చెక్క చట్రపు ఆనవాలు ఉందా చూడండి. లేకపోతే అది ఎన్నడూ కిటికీ కాదు.

పటంచూపు
పటాల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఒకే వీధికి వేర్వేరు ఏళ్ల పటాలు తీసి, మీ ఇంటి ఆకారాన్ని ఒక్కో పటం నుంచి పలచటి కాగితం మీద గీసుకొని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. వెనుక భాగం ఎప్పుడు పెరిగింది, పెరడు ఎప్పుడు తగ్గింది, మూల మీది మరుగుదొడ్డి ఎప్పుడు మాయమైంది అన్నీ బయటపడతాయి.

పన్ను కోసం కొలిచిన పటాలు ఒక రకం. ఫ్రాన్సులో నెపోలియన్ కాలపు 1807 చట్టంతో, నెదర్లాండ్సులో 1832 నుంచి ఒక్కో స్థలానికీ నంబరు, యజమాని పేరు ఉన్నాయి. నాకు మాత్రం అగ్నిప్రమాద బీమా పటాలంటే ప్రాణం. అమెరికాలో 1867లో మొదలైన శాన్‌బోర్న్ సంస్థ పటాల్లో ఇటుక ఇల్లు గులాబీ రంగు, చెక్క ఇల్లు పసుపు, రాయి నీలం. ఎన్ని అంతస్తులు, పైకప్పు దేనితో వేశారు అన్నదీ రాసి ఉంటుంది. బీమావాడికి అది లాభనష్టాల లెక్క, అందుకే అంత జాగ్రత్త. ఇల్లు మారినప్పుడు కొత్త పటం అచ్చు వేయకుండా, సవరణ ముక్కను పాతదాని మీద అంటించేవారు. అసలు పటం చేతికి దొరికితే వేలితో తడమకుండా, గ్రంథాలయం వారిని అడిగి వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి చూడండి. అంటించిన ముక్క అంచు కనబడుతుంది. మీ ఇంటి మీద ముక్క ఉందంటే అక్కడ కథ ఉంది.

ఉమ్మడిగోడ
ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. మూడు శనివారాలు ఇంటితోనే గడిపాను.

అటకలో వెనుక సగం నేల చెక్కల్లో చేతి మేకులు. ముందు సగంలో రెండు వైపులే సన్నబడిన మేకులు. దూలాల మీద టార్చి వేస్తే వెనుక తిన్నటి గాట్లు, ముందు కొన్నిటి మీద విల్లు వంపులు. నేలమాళిగలో పక్క గోడ మీద, వీధి నుంచి నాలుగు మీటర్ల లోపల, కింది నుంచి పైదాకా ఒక నిలువు గీత ఉంది. గీతకు రెండు వైపులా ఇటుకలు ఒకదానిలోకి ఒకటి అల్లుకోలేదు, ఆనుకొని ఆగిపోయాయి. ఇన్నాళ్లూ పగులు అనుకున్నాను.

రెండో అంతస్తు అల్మారా వెనుక గోడకాగితం పొరలు ఏడు లెక్కపెట్టాను. అన్నిటికన్నా కింద నీలిపూల కాగితం. దానిలో అరమీటరుకొకచోట అడ్డంగా అతుకు కనబడుతోంది. దాని అర్థం ఏమిటి?

పాతసున్నం
మీరు అనుకున్నది పగులు కాదు, రెండు ఇళ్ల మధ్య సరిహద్దు. వెనుక పాత ఇల్లు నిలిచి ఉండగా ముందు భాగాన్ని కూల్చి వీధి వైపు కొత్తగా కట్టారు. అమ్మినవారు చెప్పిన వయసు వెనుక సగానికి సరిపోవచ్చు, వీధిలో నిలబడి చూసేవారికి కనిపించే ఇంటికి సరిపోదు.

అతుకుల గోడకాగితం ఉన్న చోట చేయి పెట్టకండి. పొడుగు చుట్టగా కాగితం తీసే యంత్రానికి లూయీ నికొలా రొబేర్ 1799లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు, ఆ తరువాతా కొంత కాలం, చిన్న కాగితాలు అతికించి చుట్ట చేసి దాని మీద అచ్చు వేసేవారు. అతుకులున్నాయంటే సుమారుగా 1830ల కన్నా ముందరిది. బ్రిటన్‌లో గోడకాగితం మీద 1712 నుంచి 1836 దాకా పన్ను ఉండేది, వెనుక పన్ను ముద్ర వేసేవారు. పొర దానంతట అది ఊడిన చోట వెనుక వైపు ఫోటో తీయండి. ఆకుపచ్చ రంగున్న పొరలను ఉత్త చేతులతో తాకవద్దు. షీలే అనే రసాయన శాస్త్రవేత్త 1775లో కనిపెట్టిన ఆకుపచ్చలోనూ, దాని తరువాతి వాటిలోనూ ఆర్సెనిక్ అనే విషం ఉండేది.

చేవ
ముందు, వెనుక రెండు కాలాలని తేలింది కాబట్టి దూలాల వలయాలు లెక్కించే నిపుణుణ్ణి పిలిపించండి. దూలంలోంచి పెన్సిలంత సన్నని కడ్డీలాంటి ముక్క తీస్తారు, బలం తగ్గదు. చెట్టుకు ఏడాదికొక వలయం పడుతుంది. ఒక ఏడాది వాన బాగా కురిస్తే వలయం వెడల్పు, కరువైతే సన్నం. ఆ వరుసను ఆ ప్రాంతంలో ఏళ్లు తెలిసిన పాత వరుసలతో జోడిస్తారు. ఈ విద్యకు ఆద్యుడు ఆండ్రూ డగ్లస్ ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల జాడ చెట్లలో ఉంటుందేమోనని వెదికినవాడు, 1929లో అమెరికా నైరుతిలోని పాత జనావాసాలకు ఏళ్లతో సహా కాలం చెప్పగలిగాడు.

నిపుణుడికి మీరు చూపించాల్సింది బెరడు అంచు మిగిలిన దూలం. నలుపలకలుగా చెక్కి చేవ మాత్రమే ఉంచితే చివరి వలయాలు పోయినట్టే. అప్పుడు "ఈ ఏడాది తరువాత ఎప్పుడో" అని మాత్రమే చెప్పగలరు. బెరడు కింది లేత కట్టె చివరిదాకా ఉంటే చెట్టు కొట్టిన చలికాలాన్ని కూడా చెబుతారు. యాభైకి తక్కువ వలయాలుంటే మామూలుగా జోడీ కుదరదు. కార్బన్ పరీక్షకు డబ్బు పెట్టవద్దు. 1650 తరువాతి కాలానికి అది ఒకే కొలతకు చాలా ఏళ్లు చూపుతుంది.

పటంచూపు
ఉమ్మడిగోడ గారూ, మొదటి టపా మళ్లీ చదివాను. మనసులో ఒక అనుమానం తొలుస్తోంది, అడగకుండా ఉండలేను. ఆ డైరెక్టరీలో 14 తరువాత ఏ నంబరు ఉంది? 15నా, 16నా?

ఉమ్మడిగోడ
15. ఎందుకు?

పటంచూపు
ఇప్పుడు మీ వైపు అన్నీ సరి సంఖ్యలేనా? అలాగైతే నంబర్లు మధ్యలో మారాయి.

నంబరు ఇంటికి పుట్టుమచ్చ కాదు. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు రాజ్యంలో 1770లో ఇళ్లకు నంబర్లు వేసింది సైన్యంలోకి మనుషుల్ని లెక్కపెట్టడానికి. అవి వీధికి కాదు, ఊరంతటికీ. అప్పట్లో ఆ రాజ్యంలోదే అయిన ప్రాగ్‌లో నేటికీ ఇంటి మీద ఎర్ర పలక ఒకటి, నీలి పలక ఒకటి ఉంటాయి. ఎర్రది ఆ పాత పద్ధతి నంబరు, నీలిది వీధి నంబరు. పారిస్‌లో ఒక వైపు సరి, మరో వైపు బేసి అన్న పద్ధతి వచ్చింది 1805లో. చాలా ఊళ్లలో అంతకు ముందు ఒక వైపు వరుసగా లెక్కపెట్టుకుంటూ వెళ్లి, ఎదుటి వైపు తిరిగి వచ్చేవారు.

మీ డైరెక్టరీలో నంబర్ల మధ్య "ఇక్కడ ఫలానా సందు" అని రాసి ఉంటుంది. సందులు కదలవు. వాటిని గుర్తుగా పెట్టుకొని ఇళ్లు లెక్కించండి.

ఉమ్మడిగోడ
లెక్కించాను. రెండు సందులూ అక్కడే ఉన్నాయి. మూల మీది ఇంటిని 1 అనుకొని వస్తే మా మేడ ఏడోది. ఇప్పటి సరి సంఖ్యల్లో ఏడో ఇల్లు 14. అప్పటి 14 ఇప్పటి 28. మాకు ఏడిళ్ల అవతల.

నాలుగు నెలలుగా ఆ కుటుంబాన్ని మనసులో పెట్టుకొని మెట్లెక్కుతున్నాను. చిన్న పాప పేరు కూడా మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చింది. వాళ్లెవరూ ఈ గడప తొక్కలేదు.

మేడమెట్లు
బాధపడకండి. రాతపూర్వకంగా ఎక్కడా పెట్టనంత వరకు ఆ కథను ఇంటి కథగా చెప్పుకుంటే నష్టమేమిటి? అటకలో నొక్కులు ఉన్నాయి కదా, మీ ఇంట్లోనూ బైండరు ఒకరు ఉండకూడదా?

లింకుదస్తావేజు
మేడమెట్లు గారూ, మీ మంచి మనసు అర్థమైంది కానీ ఒప్పుకోలేను. ఉమ్మడిగోడ గారు ఈ ఇల్లు కొన్నప్పుడు అమ్మినవారు చెప్పిన "రెండు వందల ముప్పై ఏళ్లు" కూడా ఎవరో ఇలాగే అనుకొని చెప్పిందే. ఇంటి నోటి మాట చేతులు మారేకొద్దీ నిజమై కూర్చుంటుంది. ఉమ్మడిగోడ గారూ, 7 అన్న నంబరుతో మళ్లీ వెదకండి. జనగణనలో ఏదో ఒక ఏడాది దొరక్కపోతే నిరుత్సాహపడవద్దు. అమెరికాలో 1890 జనగణన పత్రాలు 1921 నాటి మంటల్లో దెబ్బతిని చివరికి దాదాపుగా అన్నీ పోయాయి, ఇంగ్లండు 1931 పత్రాలు 1942లో కాలిపోయాయి. డబ్లిన్‌లో 1922లో రికార్డుల భవనమే పోయింది. ముందు ఏడాదీ, తరువాతి ఏడాదీ పట్టుకొని మధ్యలో ఉన్నది ఊహించుకోవచ్చు, కానీ ఊహ అని రాసుకోండి.

చేవ
నొక్కుల కొలతలు పంపగలరా? నాలుగింటి మధ్య దూరం, దగ్గరలో గోడ మీద ఏమైనా ఉందా?

ఉమ్మడిగోడ
పొడవు వైపు మీటరూ పాతిక, వెడల్పు వైపు తొంభై సెంటీమీటర్లు. గోడకు జానెడు ఎడం. మీరు అడిగాక మోకాళ్ల మీద కూర్చొని చూశాను. గోడ కింది గచ్చులో బూడిద రంగు గొట్టం మొదలు ఒకటి, చిటికెన వేలంత, నేలకు సమంగా కోసేసి ఉంది. గోరు గుచ్చితే దిగింది.

పాతసున్నం
సీసపు గొట్టం. అక్కడ నీళ్ల తొట్టి ఉండేది. నిండు తొట్టి బరువు ఏళ్ల తరబడి మోస్తే చెక్క మీద అలాంటి నొక్కులే పడతాయి. కుళాయి నీళ్లు వచ్చాక అటకలో పెట్టి ఉంటారు. మీ ఊరి నీటి సరఫరా పుస్తకాల్లో ఆ ఇంటికి కనెక్షను ఇచ్చిన తేదీ ఉండవచ్చు. చేయి కడుక్కోండి, సీసం తాకారు.

ఉమ్మడిగోడ
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

దూలాల ఫలితం వచ్చింది. వెనుక భాగం నుంచి మూడు, ముందు నుంచి రెండు కడ్డీలు తీశారు. ముందుదొకటి వలయాలు చాలక జోడీ కుదరలేదు. వెనుక దూలాల్లో ఒకదానికి బెరడు అంచు ఉంది. అమ్మినవారు చెప్పినదానికన్నా ముప్పై ఏళ్లు చిన్నది. వీధి ముఖం దానికి మరో నలభై ఏళ్ల ఇటువైపు. తాకట్టు పత్రం ఒకటి సరిగ్గా ఆ కాలానిదే దొరికింది, లింకుదస్తావేజు గారు చెప్పినట్టే అప్పు స్థలం విలువకు రెండింతలు.

7వ నంబరుతో జనగణనలో దొరికింది ఒక వితంతువు. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పని. ఆమె కాక అద్దెకు నాలుగు కుటుంబాలు, మొత్తం పందొమ్మిది మంది. ఈ అయిదు మీటర్ల ఇంట్లో. పుస్తకాల బైండరుకన్నా ఈమె మీదే నాకు ఇప్పుడు ఎక్కువ ధ్యాస. అంతమందికి, అన్ని బట్టలకు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు? తొట్టి ఆమె కాలానిదో, తరువాతిదో నీటి సరఫరా పుస్తకం చూస్తే గానీ తెలియదు. వచ్చే వారం చూడటానికి రమ్మన్నారు.

నిన్న సాయంత్రం 28వ నంబరు ఇంటికి వెళ్లాను. పెద్దాయన ఒక్కరే ఉంటారు. బైండరు కాగితాల నకళ్లన్నీ ఇచ్చాను. పేర్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివారు, చిన్న పాప పేరు దగ్గర ఆగి మళ్లీ చదివారు. అటక నేల మీద నొక్కులేమైనా ఉన్నాయా అని అడిగాను. ఎన్నో ఏళ్ల కిందటే దాని మీద ప్లైవుడ్ పరిచేశారట. ఎండాకాలంలో పైకప్పు మరమ్మతు ఉంది, అప్పుడు తీయిస్తాను, ఆ రోజు నువ్వూ రా అమ్మా అన్నారు.